తువ్వాలు కింద లెక్క

ఆరేళ్ల కిందట, మాఘ బహుళ పంచమి, ఆదివారం ఉదయం ఆరూ ఇరవైకి మొదలైంది. నా డైరీలో అలాగే రాసుంది. ఆ నిమిషానికి మా ఊరి ఫుట్‌బాల్ గ్రౌండులో తూర్పు వైపు గోలుపోస్టు ముందు పట్టా పరిచి, మిరపకాయల బస్తా, మా వైపు టిక్కీ అంటాం, ఒకటి విప్పి గుమ్మరించారు. అప్పటి దాకా అది గ్రౌండు. అప్పటి నుంచి కల్లం.

ఆ టిక్కీ మా క్లబ్బు ప్రెసిడెంటుది. ఆయన పోయిన నెల పోయాడు. పేరు రాయను. ఆ పేరు గ్రౌండు గేటు మీద ఉంది, నీళ్ల ట్యాంకు మీద ఉంది, ఏటా గెలిచిన జట్టుకిచ్చే కప్పు మీద గెలిచిన జట్టు పేరు కంటే పెద్ద అక్షరాల్లో ఉంది. ఇంకో చోట అక్కర్లేదు.

ఆయనకి మిర్చి కమీషన్ కొట్టు, ఊరి చివర కోల్డ్ స్టోరేజీ ఉండేవి. పదకొండేళ్లు ప్రెసిడెంటుగా ఉన్నాడు. నేను ముప్పై నాలుగేళ్లు హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరై ఇంట్లో కూర్చున్నాక, ఆయనే స్వయంగా వచ్చి అడిగాడు.

"కమిటీలో ఒక లేడీ ఉంటే బాగుంటదండీ. పైగా మీ అక్షరాలు బాగుంటయ్యంటగా. కార్యదర్శిగా ఉండండి."

లేడీని కాబట్టి ఒకటి, అక్షరాలు బాగుంటాయి కాబట్టి రెండు. ఆట గురించి నాకేమైనా తెలుసా అని అడగలేదు. అడిగితే తనకేం తెలుసో కూడా మాట్లాడుకోవలసి వచ్చేది.

ఆయనకి ఆట తెలియదు. అదేమీ నేరం కాదు, ఊళ్లో చాలామందికి తెలియదు. కానీ ఆట సాగినన్నాళ్లూ గోలుపోస్టు వెనక కుర్చీ వేయించుకుని, నల్ల కళ్లద్దాలు పెట్టుకుని, మెడలో ఎర్ర అంచు తెల్ల తువ్వాలు వేసుకుని కూర్చున్న మనిషికి తెలియకపోవడం వేరు. సగం ఆట అయ్యాక జట్లు వైపులు మారతాయన్న సంగతి ఆయనకి చివరి దాకా ఎక్కలేదు. ఒకసారి రెండో సగంలో మన గోలులోకే బంతి పోయింది. ఆయన లేచి చప్పట్లు కొట్టాడు. చుట్టూ ఉన్నవాళ్లు ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నారు. తర్వాత వాళ్లూ కొట్టారు. నేను లెక్కపెట్టాను, తొమ్మిది మంది. మన కీపరు శ్రీను, పగలు జిన్నింగు మిల్లులో పత్తి మోసే కుర్రాడు, నేల మీద పడ్డవాడు పడ్డట్టే ఉండి తలెత్తి మా వైపు చూశాడు. ఓడిపోయినప్పుడు కూడా వాడి మొహం అలా చూడలేదు నేను.

ఆ తొమ్మిది మందిలో ముగ్గురు మా కమిటీ సభ్యులు. ఒకాయన జిన్నింగు మిల్లు యజమాని. ఒకాయన ప్లీడరు. ఒకాయన రిటైరైన పశువుల డాక్టరు, మా పక్కింటాయన. ప్రెసిడెంటు, ఆ ముగ్గురు, నేను. ఐదుగురం. కమిటీ అంటే అంతే.

ఆయనకొక మాట ఉండేది, "నాదేముంది." ఏ పనైనా ముందు చేసేసి తర్వాత ఆ మాట అనేవాడు. నీళ్ల ట్యాంకు మీద పేరు రాయించి, "నాదేముందండీ, పెయింటరు ముచ్చటపడ్డాడు" అన్నాడు. గ్రౌండు కాపలాదారుని తీసేసి, "నాదేముంది, కమిటీ ఎట్టా అంటే అట్టా" అన్నాడు. ఆ రోజు కమిటీ సమావేశమే కాలేదు. మినిట్స్ పుస్తకం నా దగ్గరే ఉంది, చూసుకోవచ్చు.

మనుషుల్ని తీసేసే పద్ధతి కూడా ఆయనకొకటి ఉండేది. ఎవరినీ పొమ్మనేవాడు కాదు, సన్మానం చేసేవాడు. కారు డిక్కీలో ఎప్పుడూ అరడజను శాలువాలు, ఒక బుట్ట నిమ్మకాయలు ఉండేవి. వద్దనుకున్న మనిషిని పిలిచి, శాలువా కప్పి, చేతిలో నిమ్మకాయ పెట్టి, భుజం మీద చెయ్యేసి ఫొటో దిగి, మీ సేవలు మరువలేనివి అనేవాడు. మరునాటి నుంచి ఆ మనిషి గ్రౌండులో కనిపించేవాడు కాదు. కాపలాదారుకి అలాగే కప్పాడు. పాత కెప్టెన్‌కి అలాగే కప్పాడు. కొన్నాళ్లకి ఆటగాళ్లకి అర్థమైంది. ఆయన కారు వెనక్కి నడిస్తే చాలు, "ఒరేయ్, డిక్కీ తీస్తన్నాడ్రా, పరిగెత్తండి" అని గోల చేసేవాళ్లు. నవ్వేవాళ్లు గానీ నిజంగానే కొంచెం దూరం జరిగేవాళ్లు.

ఇక తువ్వాలు సంగతి. ఆయన తండ్రి పశువుల సంతలో దళారీ. సంతలో ఎద్దు ధర నోటితో చెప్పరు. దళారీ, అమ్మేవాడు చేతులు కలిపి, పైన తువ్వాలు కప్పి, వేళ్లు పట్టుకుని బేరం కుదుర్చుకుంటారు. పక్కనున్నవాడికి ఏ వేలు పట్టుకున్నారో తెలియదు. ఆ పద్ధతిని ఈయన ఫుట్‌బాల్ క్లబ్బులోకి తెచ్చాడు.

"చేతులెత్తితే మొహమాటాలు వస్తయ్యండీ. మాట్లాడితే మనసులు విరుగుతయ్యి. ఎవరి మర్యాద వాళ్లకి ఉండాలంటే మా నాయన పద్ధతే పద్ధతి. అవునంటే ఒక వేలు పట్టుకోండి, కాదంటే రెండు. నేను లెక్క చెప్తాను. ఎవరు ఏ వేలన్నది నాతోనే పోద్ది."

ముగ్గురూ వంతులవారీగా వెళ్లి తువ్వాలు కింద చెయ్యి పెట్టేవాళ్లు. తన వంతుకి ఆయన తువ్వాలు కింద తన వేలు తనే పట్టుకునేవాడు. నవ్వకుండా పట్టుకునేవాడు. నా దగ్గరికి వచ్చేసరికి చెయ్యి వెనక్కి తీసుకుని, "మీరు పెద్దోళ్లు, ఆడవాళ్లు. నా వేలు పట్టుకోవడం బాగోదు. చీటీ మీద రాసివ్వండమ్మా" అనేవాడు. నేను చీటీ రాసి, మడిచి, స్టాప్లర్ పిన్ను కొట్టి, మడత మీద సంతకం చేసి ఇచ్చేదాన్ని. పబ్లిక్ పరీక్షల ప్రశ్నపత్రాల కవరుకి చేసినట్టు. అలవాటు. ఆయన దాన్ని చొక్కా జేబులో పెట్టుకుని, ఎవరూ చూడకుండా చదవాలని బాత్రూములోకి వెళ్లి రెండు నిమిషాల్లో తిరిగొచ్చేవాడు. మొహం కడుక్కుని, తువ్వాలుతో తుడుచుకుంటూ లెక్క చెప్పేవాడు.

మొదటిసారి తువ్వాలు పరిచింది జెర్సీ రంగుకి. ఎరుపా, నీలమా. అంతకు ముందే టీ తాగుతూ మిల్లాయన, డాక్టరు గారు నీలమే బాగుంటుందని నాతో అన్నారు. నేనూ నీలమనే రాసిచ్చాను. ఐదింటిలో మూడు. తువ్వాలు తీశాక ఎరుపు వచ్చింది, మూడుకి రెండు. నేను మిల్లాయన వంక చూశాను, ఆయన డాక్టరు వంక చూశాడు. నా ముందు ఒకటి, తువ్వాలు కింద ఒకటి చెప్పేది ఎవరా అనుకున్నాను. అనుమానం మనుషుల మీదికి పోయింది, తువ్వాలు మీదికి పోలేదు. మినిట్స్‌లో ఎరుపు అని రాశాను.

ఇప్పుడు మస్తాన్ గారి సంగతి చెప్పాలి. ఆయన మా కోచ్. చీరాల మనిషి, వృత్తి దర్జీ. వయసులో ఉండగా జిల్లా జట్టుకి ఆడారు. గ్రౌండు పక్క గదిలో ఒక మిషను పెట్టుకుని పగలు బట్టలు కుట్టి, ఉదయం సాయంత్రం ఆట నేర్పేవారు. కుట్లు ఊడిన బంతిని పారేయనిచ్చేవారు కాదు. మైనం పూసిన దారంతో తనే కుట్టేవారు. పత్తి మోసేవాళ్లు, ఆటో తోలేవాళ్లు, ఇంటర్ తప్పినవాళ్లు, ఇరవై ఇద్దరిని జట్టు చేశారు. ఆ ఏడాది మొట్టమొదటిసారి మేము జిల్లా పోటీల్లో సెమీఫైనల్‌కి వచ్చాం. ఆట మా గ్రౌండులోనే, వచ్చే ఆదివారం.

అలాంటి వారంలో మొదటి రోజున మిరపకాయలు వచ్చాయి. తేమ ఎక్కువున్న కాయని కోల్డ్ స్టోరేజీలో పెడితే బూజు పడుతుంది. ఆ ఏడాది అకాల వర్షానికి తడిసిన సరుకంతా ఆరబెట్టాలి. ఊరి చుట్టూ కల్లాలు నిండిపోయాయి. చదునుగా, ఎండ పడేట్టు, కంచె వేసి ఉన్న స్థలం ఇంకొకటే మిగిలింది.

నేను రోజూ ఆ వేళకి గ్రౌండు చుట్టూ నడిచేదాన్ని కాబట్టి అంతా చూశాను. మస్తాన్ గారు విజిల్ మెడలో వేసుకుని వచ్చి, పట్టాలు చూసి ఆగిపోయారు. ప్రెసిడెంటు కుర్చీలో కూర్చుని ఉన్నాడు.

"ఇదేంటండీ?"

"నాలుగు రోజులు మాస్టారూ. పగలు ఎండ చూస్తన్నారుగా, పెళపెళలాడతంది. మీవాళ్లు సగం గ్రౌండులో ఆడుకోకూడదూ?"

"సగం గ్రౌండులో నేర్పితే సగం ఆటే వచ్చుద్దండీ. పైగా ఈ కారం దుమ్ము నేలలోకి దిగితే ఊడ్చినా పోదు. ఆదివారం కుర్రాళ్ల కళ్లు మండిపోతయ్యి."

"గుంటూరు జిల్లాలో పుట్టి కారానికి కళ్లు మండుతయ్యంటే ఎట్టా మాస్టారూ!"

పక్కనున్న కూలీలు నవ్వారు. మస్తాన్ గారు నవ్వలేదు. వంగి పట్టా కొస పట్టుకున్నారు. ఆటగాళ్లు నలుగురు వచ్చి తలా ఒక కొస పట్టుకున్నారు. కాయలతో సహా ఎత్తి, గీత బయట పెట్టారు. మొత్తం మూడు పట్టాలు తీశారు. ప్రెసిడెంటు కుర్చీలోంచి లేవలేదు. నవ్వాడు. ఆ నవ్వు నాకు తెలుసు. డిక్కీ వైపు నడిచే ముందు నవ్వే నవ్వు.

పదిన్నరకల్లా ఇంకో లారీ వచ్చింది. మధ్యాహ్నానికి రెండు వైపుల గోలుపోస్టుల ముందూ ఎరుపే. మస్తాన్ గారు వాళ్లందరినీ తీసుకుని కాలవ గట్టు మీద ప్రాక్టీసు చేయించారు. శుక్రవారం దాకా కాయలు అక్కడే ఉన్నాయి. శనివారం ఎత్తి, ఊడ్చి, నీళ్లు చల్లారు.

ఆదివారం నాలుగింటికి ఆట మొదలైంది. మొదటి సగం ఎవరికీ గోలు లేదు. మనవాళ్లు బాగా ఆడారు. రెండో సగంలో మనవాళ్లు తూర్పు వైపు గోలుకి వచ్చారు, మొదటి టిక్కీ విప్పిన చోటుకి. చల్లిన నీళ్లు అప్పటికి ఆరిపోయాయి. పడమటి గాలి లేచింది. గాలికి ఎదురుగా ఉన్నది మనవాళ్లు. శ్రీను బంతి కోసం నేల మీదికి దూకినప్పుడల్లా చేతి గ్లవ్స్‌కి ఆ దుమ్ము, గింజలు అంటుకున్నాయి. చెమట తుడుచుకున్నాడు, అదే గ్లవ్స్‌తో. ఇక కళ్లు తెరవలేకపోయాడు. నీళ్లు పోశారు, ఇంకా ఎక్కువైంది. పద్దెనిమిది నిమిషాల్లో మూడు గోల్స్ పడ్డాయి. మూడో బంతి వాడి పక్క నుంచి మెల్లగా దొర్లుకుంటూ పోయింది. వాడు దాన్ని చూడలేదు, చప్పుడు విని తల తిప్పాడు.

గోలుపోస్టు వెనక కుర్చీలో నల్ల కళ్లద్దాలు పెట్టుకున్న మనిషి అన్నాడు: "వీడేంట్రా ఇప్పుడే ఏడుస్తన్నాడు? ఇంకా ఆట అయిపోలేదుగా."

బుధవారం ఉదయం పదకొండింటికి కోల్డ్ స్టోరేజీ పైగదిలో కమిటీ కూర్చుంది. ఎజెండా ఒకటే, కోచ్ ఉండాలా, పోవాలా. ఉండాలంటే ఒక వేలు, పోవాలంటే రెండు. ఓడిపోయినందుకు బాధ్యత ఎవరిదో తేలాలన్నాడు. మిరపకాయల మాట ఎత్తుదామని నేను నోరు తెరిచాను. "అమ్మా, మాటలొద్దు. మాటలైతే మనసులు విరుగుతయ్యి" అని తువ్వాలు తీశాడు. మాట్లాడే అవసరం లేకుండా ఒక పద్ధతి ఎదురుగా ఉంటే మాట్లాడాలన్న ధైర్యం కూడా ఎవరికీ పుట్టదు. నాకూ పుట్టలేదు. చీటీ మీద 'మస్తాన్ గారు ఉండాలి' అని రాశాను. పిన్ను కొట్టాను. సంతకం చేశాను. ముగ్గురూ వెళ్లి చెయ్యి పెట్టి వచ్చారు. ఆయన తన వేలు తను పట్టుకున్నాడు. బాత్రూములోకి వెళ్లొచ్చాడు.

"నాలుగుకి ఒకటి. పంపమని నాలుగు, ఉంచమని ఒకటి. నాదేముందండీ, కమిటీ అంది."

ముగ్గురూ తలలు వంచుకున్నారు. ఆ ఒకటి నాది. మిగతా నలుగురూ ఎవరో లెక్క కట్టనక్కర్లేదు. మినిట్స్ పుస్తకంలో రాశాను: నాలుగుకి ఒకటి. ఆ అంకెలు ఎప్పటిలాగే గుండ్రంగా వచ్చాయి.

శనివారం సాయంత్రం ఐదింటికి గ్రౌండులో సన్మానం. మస్తాన్ గారు ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకుని వచ్చారు. సెమీఫైనల్ దాకా తెచ్చినందుకు, ఈసారికి నిజం సన్మానమేననుకున్నారు. శాలువా కప్పారు, నిమ్మకాయ ఇచ్చారు, అద్దం బిగించిన జ్ఞాపిక ఇచ్చారు. ఆయన దాన్ని దగ్గరగా పెట్టుకుని చదివారు. 'పదవీ విరమణ చేయుచున్న' అన్న మాట దగ్గర ఆగారు. అప్పటికి ఫొటో తీయడం అయిపోయింది. ప్రెసిడెంటు చెయ్యి ఇంకా ఆయన భుజం మీదే ఉంది.

అందరూ వెళ్లాక ఆయన నా దగ్గరికి వచ్చారు.

"మేడమ్, ఎంతమంది ఉండమన్నారు నన్ను?"

"ఒకరు."

"మీరేనా?"

"నేనే."

ఆయన శాలువా మడత పెట్టారు. దర్జీ కదా, కొసకి కొస కలిపి సరిగ్గా మడిచారు.

"ఇంకొక్కళ్లు ఉంటే ఉండిపోయేవాణ్ణండీ. ఈ శాలువా ఆయన మెడలోనే వేసి, విజిల్ ఊది ప్రాక్టీసు మొదలెట్టేవాణ్ణి. ఏం చేస్తాడు? ఇద్దరు మనుషులు నా పక్కనుంటే చాలు నాకు. ఒక్కళ్లంటే... అది మీ మంచితనం. దాని మీద బతకలేను మేడమ్."

మర్నాడు మిషను ఆటోలో వేసుకుని చీరాల వెళ్లిపోయారు. సగం కుట్టిన బంతులు రెండు, సూది గుచ్చి ఉన్నవి, గదిలోనే వదిలేశారు.

నేను డాక్టరు గారితో మాట్లాడటం మానేశాను. పక్క పక్క ఇళ్లు. ఆయన భార్య మామిడికాయ పప్పు పంపితే గిన్నె మూత తీయకుండా తిప్పి పంపాను. మర్నాటి నుంచి పంపడం మానేసింది. రెండేళ్లకి ఆవిడ జబ్బు చేసి పోయింది. వెళ్లాను. గేటు దగ్గర నిలబడి వచ్చేశాను. వేలు పెట్టి ఒక మనిషి బతుకు తీసేసిన వాడి ఇంట్లోకి ఎందుకు వెళ్లాలి అనుకున్నాను. ఆ మాట డైరీలో కూడా రాసుకున్నాను.

ప్రెసిడెంటు మాత్రం ఎప్పటిలాగే ఉన్నాడు. తాడేపల్లి నుంచి ఇంకో కోచ్‌ని తెచ్చాడు. ఆయనకి నాలుగు నెలల్లో శాలువా పడింది. మరుసటి మాఘంలో గ్రౌండు అడగడానికి ఎవరూ లేరు. ఆ తర్వాత గోలుపోస్టులు పీకి పక్కన పడేశారు, లారీ తిరగడానికి అడ్డమొస్తున్నాయని. క్లబ్బు కాగితాల మీద ఉంది. ఆయన ప్రెసిడెంటుగానే ఉన్నాడు. నేను కార్యదర్శిగానే ఉన్నాను, రాయడానికేమీ లేకుండా.

పోయిన నెల ఆయన పెద్దకర్మకి నలుగురం వెళ్లాం. ఒకే బల్లకి వేశారు. నాకు ఎదురుగా డాక్టరు గారు. నేను విస్తరి వంకే చూస్తూ తింటున్నాను. ప్లీడరు గారు పప్పు కలుపుతూ మొదలెట్టారు.

"ఎన్నన్నా మనిషి చెయ్యి పెద్దదండీ. ఆ కోచ్ విషయంలోనే పాపం, మనం తప్పు చేశాం."

"మీరు చేశారేమో," అన్నాడు మిల్లాయన. "నా చెయ్యి శుభ్రంగా ఉంది. ఆ ఒక్క ఓటూ నాదే."

ప్లీడరు గారి చెయ్యి ఆగిపోయింది. "ఏ ఒక్క ఓటు?"

"నాలుగుకి ఒకటి అన్నాడుగా? ఆ ఒకటి."

"అది నాదయ్యా! ఒక్క వేలే పట్టుకున్నా నేను. ఇదిగో, ఇట్టా." ఎడమ చెయ్యి ఎత్తి గాల్లో పట్టుకుని చూపించారు. "అందరూ వింటుండగా చెప్తున్నా, ఆరేళ్ల నుంచి మీ ముగ్గుర్నీ తలుచుకుని అసహ్యించుకుంటున్నా!"

"నువ్వా? నేనసలు నీ గుమ్మం తొక్కానా ఆ తర్వాత? మా అబ్బాయి కేసు వేరే ప్లీడరుకి ఎందుకిచ్చాననుకున్నావ్?"

పక్క బల్లవాళ్లు తల తిప్పి చూశారు. డాక్టరు గారు మంచినీళ్ల గ్లాసు కింద పెట్టారు.

"సంతలో తువ్వాలు కింద ఇద్దరుంటారు," అన్నారు మెల్లగా. "రేటు ఇద్దరికీ తెలుసుద్ది. మనం ఐదుగురం ఉన్నాం, తెలిసింది ఒక్కడికే. ముప్పై ఏళ్లు సంతల్లో తిరిగినవాణ్ణి, నాకు ఆ రోజే తట్టాల్సింది."

నేను ఆరేళ్ల తర్వాత ఆయన మొహం చూశాను. "మీరెన్ని వేళ్లు పట్టుకున్నారు డాక్టరు గారూ?"

"ఒకటేనమ్మా."

"మరి అడగలేదేం?"

"ఒక్కణ్ణే కదా అనుకున్నా. నలుగుర్ని ఏమని అడుగుతా?"

చేతులు కడుక్కుని వస్తుంటే ప్రెసిడెంటు భార్య ఒక అట్టపెట్టె తెచ్చి నా చేతిలో పెట్టింది. "క్లబ్బు కాగితాలంటండీ. బీరువాలో ఉన్నయ్యి. ఎవరికియ్యాలో తెలీక." ఇంటికొచ్చి విప్పాను. రసీదు పుస్తకాలు, పాత ఫొటోలు, అడుగున ఒక కవరు. అందులో నా చీటీలు. మొత్తం పదకొండు సార్లు తువ్వాలు పరిచాడు, పదకొండు చీటీలు ఇచ్చాను. పదకొండూ ఉన్నాయి. మడత మీద నా సంతకం ఎక్కడా తెగలేదు. పిన్నులు కొట్టినవి కొట్టినట్టే ఉన్నాయి, కొంచెం తుప్పు పట్టాయి. జేబులోంచి తీసి నేరుగా ఈ కవరులో వేశాడు. చింపి పారేయవలసినంత విలువ కూడా వాటికి ఇవ్వలేదు. బాత్రూములో రెండు నిమిషాలు నిజంగానే మొహం కడుక్కున్నాడు.

కాగితం తీసుకుని లెక్క వేశాను. ముగ్గురూ నిజం చెప్తుంటే, ఉంచమన్నవి నాలుగు, పంపమన్నది ఒకటి. ఒకరు అబద్ధం చెప్తున్నారనుకుంటే, ఉంచమన్నవి మూడు, పంపమన్నవి రెండు. అప్పటికీ మస్తాన్ గారు ఉండాలి. ఇద్దరు అబద్ధమనుకుంటే రెండు, మూడు. అప్పుడు ఆయన పోవాలి గానీ, ఆయన అడిగిన ఇద్దరు మనుషులు ఉన్నారు. ముగ్గురూ అబద్ధమాడితేనే నాలుగుకి ఒకటి సరిపోతుంది. నా చీటీ విప్పలేదు కాబట్టి అప్పుడు కూడా అది ఆయన లెక్కపెట్టిన అంకె కాదు.

ఆయన తెలివి అక్కడే ఉంది. ఏకగ్రీవం అనలేదు. అంటే ఐదు నిమిషాల్లో నలుగురం లేచేవాళ్లం. ఒక్క ఓటు వదిలాడు. ఆ ఒక్కటి ఎవరికి వాళ్లం మాదేననుకుని ఇంటికి తీసుకెళ్లాం. చేతులు శుభ్రంగా ఉన్నాయన్న తృప్తితో భోజనాలు చేశాం. ఆట తెలియని మనిషికి మేము బాగా తెలుసు.

ఆయన్ని తిట్టి ఊరుకుంటే సగమే రాసినట్టు. ముప్పై నాలుగేళ్లు, జవాబు సరైందే అయినా మధ్య మెట్లు చూపించకపోతే సగం మార్కులు కోసిన దాన్ని. ఏడుస్తూ వచ్చిన పిల్లలకి, "ఎలా వచ్చిందో చూపించలేని జవాబు జవాబు కాదు" అని చెప్పి పంపాను. ఆ బుధవారం ఒక మనిషి తడి మొహంతో వచ్చి అంకె చెప్తే, ఎలా వచ్చిందని అడగకుండా నా చేత్తో నేనే రాసుకున్నాను. చీటీ జేబులోకి పోవడం చూశాను. తెరిచిన చీటీ ఏదని అడగడానికి ఒక్క వాక్యం చాలు.

మర్నాడు ఉదయం తొమ్మిదింటికి మస్తాన్ గారికి ఫోన్ చేశాను. వెనకాల మిషను చప్పుడు వినిపిస్తోంది. ఎవరో చెప్పాను, ఎందుకు చేశానో చెప్పాను. మిషను ఆగింది.

"ఎంతమందండీ?"

"నలుగురు అంటున్నారు. నేను నమ్మినంతలో, ఇద్దరికి తక్కువ లేరు."

"శ్రీను ఎట్టా ఉన్నాడు మేడమ్?" అన్నారు.

"మిల్లులోనే ఉన్నాడు. ఆడటం మానేశాడు."

"గ్రౌండు?"

"కల్లం."

"సరేనండీ," అన్నారు. "కస్టమర్ వచ్చాడు, ఉంటాను." మళ్లీ మిషను చప్పుడు మొదలయ్యాకే ఫోన్ పెట్టేశారు.

మినిట్స్ పుస్తకంలో ఆ బుధవారం పేజీ తీసి, నేను రాసిన అంకెల మీద గీత కొట్టి, కింద సంతకం పెట్టాను. అదే పేజీలో కింద ఖాళీ ఉంటే ఇది రాశాను.

పోయినవి: కోచ్, ఒకరు. జట్టు, ఇరవై ఇద్దరు. అందులో మళ్లీ బంతి ముట్టనివాళ్లు, నేను కనుక్కున్నంత వరకు, పదిహేడు మంది. గ్రౌండు, ఒకటి. గోలుపోస్టులు, రెండు జతలు. సగం కుట్టిన బంతులు, రెండు. పొరుగింటి మనిషి, ఒకావిడ, మూత తీయని గిన్నెతో సహా. సంవత్సరాలు, ఆరు. అడగని ప్రశ్న, ఒకటి.